పులి సొరకి సరైన పేరేంది? స్కూల్ చార్టు కోసం అడుగుతున్నా

కొత్తపట్నం సైన్స్ టీచర్:

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో సముద్రం ఒడ్డునే ఉన్న ఒక ఊరి హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా పిల్లల్లో చాలామంది వేటకి పోయే ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళే. ఈసారి సైన్స్ ఫెయిర్‌కి మన తీరంలో దొరికే చేపలతో ఒక పెద్ద చార్టు చేయిస్తున్నాను. ఒక్కో చేపకి బొమ్మ, పక్కన తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం. వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్ళు, మాగ, పండుగప్ప, ఇవన్నీ చకచకా అయిపోయాయి. సొరల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె వాళ్ళ నాన్న బోటులో పడిన సొర పిల్ల ఫొటో తెచ్చింది. బారెడు కూడా లేదు. మూతి మొద్దుగా, ముందు నుంచి చూస్తే దాదాపు చదరంగా ఉంది. వీపు మీద నుంచి పక్కలకి ముదురు చారలు, అక్కడక్కడా మచ్చలు. వాళ్ళ నాన్న పులి సొర అన్నాడట. ఫోన్లో యాప్‌కి చూపిస్తే జీబ్రా షార్క్ అంది. మా స్కూల్లో ఇంకో సారు శాండ్ టైగర్ అయ్యుంటుంది, టైగర్ షార్క్ వేరు అంటున్నారు. సరే శాస్త్రీయ నామం చూసుకుంటే గొడవ తీరుతుంది గదా అని వెతికితే అక్కడా ఇదే గొడవ. ఒకచోట గేలియోసెర్డో కువియర్, ఒకచోట కువియరీ, పాత పుస్తకంలో గేలియోసెర్డో ఆర్కటికస్. కుటుంబం పేరు కూడా ఒక్కోచోట ఒక్కోటి రాశారు.

పిల్లలు చార్టు మీద రాసింది వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు చూస్తారు. తప్పు పేరు రాయడం నాకు ఇష్టం లేదు. ఇది ఏ సొర, ఏ పేరు రాయాలి, ఎందుకు రాయాలి, కాస్త వివరంగా చెప్పండి.

జువ్వలదిన్నె బోటు:

టీచర్ గారూ, ఆ పాప వాళ్ళ నాయన చెప్పిందే కరెక్టు. మూతి మొద్దుగా ఉండి చారలుంటే అది పులి సొరే. మా ఇళ్ళలో మాట్లాడుకునేది అరవం కలిసిన భాష, అందుకని పెద్దవాళ్ళు సురా అంటారు, బయట అందరితో సొర అంటాం, రెండూ ఒకటే. చారల్ని బట్టి పులి. దీనికి ఇంగ్లీషు వాళ్ళు వచ్చి పేరు పెట్టాల్సిన పనేం లేదు, చూసిన ఎవరికైనా అదే నోటికొస్తుంది.

ఒక్క సంగతి మాత్రం పిల్లలకి చెప్పండి. చారలు చిన్నప్పుడే బాగా కనిపిస్తాయి. పెద్దదయ్యే కొద్దీ వెలిసిపోతాయి, బాగా ముదిరిన దాని మీద పక్కలకి నీడలాగా ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. అందుకని చారల్లేవు కాబట్టి పులి సొర కాదు అనుకోకూడదు. పెద్దదాన్ని మేం పంటిని బట్టి, మూతిని బట్టి చెప్తాం. పన్ను నిటారుగా సూదిలాగా ఉండదు, కోడిపుంజు జుట్టు మాదిరి ఒక పక్కకి వంగి ఉంటుంది, అంచంతా రంపం. పై దవడలో ఎట్టా ఉంటాయో కింద దవడలో కూడా అట్టానే ఉంటాయి. మామూలు సొరలకి పైన ఒక రకం, కింద ఒక రకం ఉంటాయి, చేత్తో తడిమి చూస్తే తెలుస్తుంది (చచ్చిందాన్నే తడమాలి, పిల్లలకి ఇది గట్టిగా చెప్పండి). గేలానికి పడితే నైలాను తాడు నిలవదు, కొరికేస్తుంది, ఇనప తీగ కట్టాల్సిందే.

తినడానికి మాత్రం మా ఇళ్ళలో పాల సొర తర్వాతే ఏదైనా. బాలింతలకి పెట్టేది అదే. ఉడకబెట్టి, గరుకు తోలు గీకి, ముల్లు తీసి, చేత్తో నలిపి నీళ్ళు పిండేసి, వెల్లుల్లి దండిగా వేసి పుట్టు చేస్తారు. పులి సొర పెద్దది పడితే ఎక్కువగా ముక్కలు కోసి ఉప్పేసి ఎండబెట్టడమే. చార్టులో పాల సొరని మర్చిపోవద్దు మేడమ్, మనోళ్ళ ఇళ్ళలో అందరికీ తెలిసిన సొర అదే.

ముత్తుకూరు ఫిషరీస్:

అన్న చెప్పిన పన్ను గుర్తు మా ల్యాబులో కూడా మొదట నేర్పేదే. నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుతున్నాను మేడమ్, పేర్ల సంగతి నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మీరు చార్టులో రాయాల్సింది గేలియోసెర్డో కువియర్. కువియర్ అంటే ఫ్రాన్స్ దేశపు జంతుశాస్త్రవేత్త జార్జ్ కువియర్ (1769–1832), ఆయన గౌరవార్థం పెట్టిన పేరు. పెట్టింది పెరోన్, లెస్యూర్ అనే ఇద్దరు. 1800లో ఫ్రాన్స్ నుంచి బోదాన్ నాయకత్వంలో ఆస్ట్రేలియా తీరాన్ని పరిశీలించడానికి ఓడలు బయల్దేరాయి, వాటిలో వీళ్ళిద్దరూ ఉన్నారు. పెరోన్ జంతువుల గురించి రాసేవాడు, లెస్యూర్ బొమ్మలు గీసేవాడు. పెరోన్ 1810లోనే చనిపోయాడు. ఈ సొర పేరు అచ్చయింది 1822లో, లెస్యూర్ అమెరికాలో ఉన్నప్పుడు రాసిన వ్యాసంలో. అంటే స్నేహితుడు పోయి పన్నెండేళ్ళయినా పేరు పక్కన ఆయన్ని కూడా నిలబెట్టాడు. నాకు ఈ పేరులో అన్నిటికంటే నచ్చేది ఇదే.

అప్పుడు పెట్టిన పేరు స్క్వాలస్ కువియర్. ఆ రోజుల్లో సొర అని తేలితే చాలు, చాలావాటిని స్క్వాలస్‌లో వేసేవాళ్ళు. తర్వాత 1837లో జర్మనీకి చెందిన ముల్లర్, హెన్లే అనే ఇద్దరు గేలియోసెర్డో అనే ప్రజాతి (ఇంగ్లీషులో జీనస్, శాస్త్రీయ నామంలో మొదటి మాట) ఏర్పరిచారు, తర్వాత ఈ సొర పేరు అందులోకి మారింది. అందుకే పూర్తి పేరు రాసేటప్పుడు గేలియోసెర్డో కువియర్ (పెరోన్, లెస్యూర్, 1822) అని మనుషుల పేర్లు బ్రాకెట్లో పెడతారు. బ్రాకెట్ ఉందంటే, మొదట పేరు పెట్టినప్పుడు ఇది వేరే ప్రజాతిలో ఉండేది, తర్వాత మారింది అని అర్థం. బ్రాకెట్ లేకపోతే మారలేదని. చాలామంది దీన్ని పట్టించుకోరు, ఇష్టమొచ్చినట్టు పెడతారు, తీసేస్తారు. మీ చార్టులో జాగ్రత్తగా రాయించండి, పిల్లలకి ఈ ఒక్కటి తెలిస్తే ఏ జంతువు పేరు చూసినా సగం చరిత్ర చదవగలరు.

కువియరీ అనేది తర్వాతి వాళ్ళు దిద్దిన రూపం. మనిషి పేరు మీద పెడితే చివర ఆ దీర్ఘం రావాలి గదా అని దిద్దారు. కానీ మొదట అచ్చయింది కువియర్ అనే, ఆ పేరుని అట్లానే ఉంచాలి, అదే నియమం. పాత పుస్తకాల్లో కువియరీ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, జంతువు అదే.

ఆర్కటికస్ కూడా ఇదే సొరకి వేరేవాళ్ళు పెట్టిన పేరు, 1829లో ఫేబర్ పెట్టాడు. టైగ్రినస్ అని ముల్లర్, హెన్లేలే ఇంకో పేరు పెట్టారు. ఒకే జంతువుకి చాలా పేర్లు పడితే అన్నిటికంటే ముందు అచ్చయింది నిలుస్తుంది, మిగతావి పర్యాయనామాలు అవుతాయి. 1822 ముందు కాబట్టి కువియర్ గెలిచింది. ఆర్కటికస్ అని వినగానే మంచు సముద్రం అనుకుంటారు పిల్లలు, కానీ పులి సొర వెచ్చటి సముద్రాలది. మన బంగాళాఖాతంలో ఉంటుంది, అరేబియా సముద్రంలో ఉంటుంది, హవాయిలో, ఆస్ట్రేలియాలో, ఫ్లోరిడా వైపు ఉంటుంది.

కుటుంబం సంగతి. పాత పుస్తకాలన్నిట్లో కార్కరైనిడే, అంటే మన తీరంలో ఎక్కువగా పడే మామూలు సొరల కుటుంబం. ఇప్పుడు చాలామంది గేలియోసెర్డోనిడే అని విడిగా పెడుతున్నారు. ఈ ప్రజాతిలో ఇప్పుడు బతికున్నది ఈ ఒక్క జాతే, మిగతావన్నీ శిలాజాలు. విడదీయడానికి కారణాలున్నాయి. కార్కరైనిడే సొరలకి తల్లి కడుపులో పిల్లకి జరాయువు (మావి) ఉంటుంది. పులి సొరకి అది లేదు. గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, పిల్లలు అక్కడి ద్రవం మీద పెరిగి, అడుగున్నర నుంచి రెండున్నర అడుగుల పొడవుతో పుడతాయి, ఒక్కో కాన్పుకి పది నుంచి ఎనభై దాకా. కంటి వెనక సన్నటి చీలిక లాంటి రంధ్రం ఉంటుంది, ఆ కుటుంబంలో చాలావాటికి అది ఉండదు. తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గట్టు ఉంటుంది. మీ ఫొటోలో కన్ను దగ్గర పెద్దది చేసి చూడండి, చీలిక కనిపిస్తే ఇంక అనుమానమే లేదు.

నెల్లూరు టు పోర్ట్‌బ్లెయిర్:

మాది మైపాడు దగ్గర, ఉద్యోగం అండమాన్‌లో. ఇక్కడ డైవింగ్ వాళ్ళతో తిరుగుతుంటాను కాబట్టి జీబ్రా షార్క్ గురించి నేను చెప్తాను.

మేడమ్, ఆ యాప్ ఎందుకు పొరబడిందో నాకు అర్థమైంది. జీబ్రా షార్క్ పిల్లకి కూడా చారలుంటాయి, ఇంకా స్పష్టంగా ఉంటాయి, ముదురు రంగు మీద పసుపుపచ్చ గీతలు. అది పెద్దదయ్యాక చారలు పోయి ఒళ్ళంతా మచ్చలొస్తాయి, అందుకే ఇక్కడ టూరిస్టు బోట్ల వాళ్ళు దాన్ని లెపర్డ్ షార్క్ అంటారు. అమెరికాలో లెపర్డ్ షార్క్ అంటే మళ్ళీ పూర్తిగా వేరే సొర. పైగా జీబ్రా షార్క్ శాస్త్రీయ నామం స్టెగోస్టోమా టైగ్రినమ్! జీబ్రా అన్నారు, చిరుత అన్నారు, లాటిన్‌లో పులి అన్నారు, ఒక్క చేపకి మూడు జంతువులు. ఇంతకుముందు ఫాసియాటమ్ అని రాసేవాళ్ళు, 1781లో పెట్టిన టైగ్రినమ్ అంతకంటే పాతదని ఇప్పుడు దానికే వచ్చారు, పైన తమ్ముడు చెప్పిన నియమమే.

గుర్తు పట్టడం మాత్రం చాలా తేలిక. తోక చూడండి. జీబ్రా షార్క్‌కి తోక దాదాపు మిగతా ఒళ్ళంత పొడుగు ఉంటుంది, ఒక్కసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. ఒంటి మీద పొడుగునా గట్లు ఉంటాయి, మూతి దగ్గర చిన్న మీసాలుంటాయి. నత్తలూ పీతలూ తిని అడుగున ఇసకలో పడుకునే సాధువు, గుడ్లు పెడుతుంది, కడుపులో మోయదు. ఫొటోలో తోక పొడుగ్గా లేకపోతే అది జీబ్రా కాదు.

శాండ్ టైగర్ ఇంకా వేరు, కార్కేరియాస్ టారస్ అంటారు. దానికి చారలే ఉండవు. మూతి కోసుగా ఉంటుంది, నోరు మూసినా పళ్ళు సన్నగా సూదుల్లాగా బయటికి కనిపిస్తూనే ఉంటాయి, వీపు మీద రెండు రెక్కలూ దాదాపు ఒకే సైజు. పులి సొరకి ముందు రెక్క పెద్దది, వెనకది బాగా చిన్నది. ఈ శాండ్ టైగర్నే ఆస్ట్రేలియాలో గ్రే నర్స్ అంటారు, దక్షిణాఫ్రికాలో రాగెడ్ టూత్ అంటారు. ఇంగ్లీషు పేర్లని నమ్ముకుంటే ఇంతే సంగతులు. మీ సారుకి పళ్ళ ఫొటో చూపించండి, ఆయనే ఒప్పుకుంటారు.

కావలి రొయ్యల చెరువు:

నాకు సొరల గురించి పెద్దగా తెలియదు కానీ పేర్లు మారే సంగతి చదువుతుంటే మా రొయ్యే గుర్తొచ్చింది. మన జిల్లాలో టైగర్ అంటే ఎవరికైనా రొయ్యే గదా ముందు గుర్తొచ్చేది. తొంభైల్లో టైగర్ రొయ్య వేసి బాగుపడ్డవాళ్ళు, తెల్లమచ్చ రోగం వచ్చి చితికిపోయినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. 2009లో వెనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చాక అందరం దానికి మారాం. ఆ వెనామీ అనే మాట కూడా మనిషి పేరే, మీకు తెలుసా? వాన్ నేమ్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త పేరు మీద 1931లో పెట్టారు. మొదట పెనియస్ వెనామీ, 1997లో ఇద్దరు శాస్త్రవేత్తలు లిటోపెనియస్ వెనామీ అన్నారు, తర్వాత మళ్ళీ చాలామంది పెనియస్‌కే వచ్చారు. సీడు సంచుల మీద, మేత సంచుల మీద రెండూ చూశాను. ముందు మాట ఎన్నిసార్లు మారినా వెనకున్న వెనామీ మారలేదు, కాబట్టి మాకు ఎప్పుడూ తికమక రాలేదు. పిల్లలకి కువియర్ సంగతి ఇట్టా చెప్తే వెంటనే పట్టుకుంటారు టీచర్ గారూ, చెరువుల దగ్గర పెరిగిన పిల్లలకి వెనామీ తెలియకుండా ఉండదు.

కొత్తపట్నం సైన్స్ టీచర్:

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. ఫొటో పెద్దది చేసి చూశాం. తోక పొడుగు లేదు, మీసాలు లేవు, మూతి మొద్దు, కంటి వెనక చీలిక సన్నగా కనిపిస్తోంది. పులి సొర అని క్లాసంతా కలిసి తేల్చారు. ఆ అమ్మాయి ముఖం చూడాల్సింది, వాళ్ళ నాన్న గెలిచాడని ఒకటే సంతోషం.

ఇంకో రెండు అడుగుతాను, విసుక్కోకండి. ఒకటి, ఇది మనుషుల్ని తింటుందని యూట్యూబ్‌లో చూసి పిల్లలు భయపడుతున్నారు, కొందరు ఇప్పుడు సముద్రంలో కాళ్ళు పెట్టమంటున్నారు. దాని గురించి చార్టులో ఏం రాయాలి? రెండు, సొరని పట్టడం నేరం అని ఎవరో అన్నారట, ఒక పిల్లవాడు వాళ్ళ నాన్నని పోలీసులు పట్టుకుపోతారేమో అని టెన్షన్ పడుతున్నాడు.

ముత్తుకూరు ఫిషరీస్:

మేడమ్, మొదటిదానికి. ప్రపంచం మొత్తమ్మీద మనుషుల మీద దాడుల లెక్కల్లో తెల్ల సొర తర్వాత పులి సొర పేరే వస్తుంది, అది నిజం, దాచక్కర్లేదు. కానీ దాని తిండి మనుషులు కాదు. చేపలు, టేకులు, సముద్రపు పాములు, నీటి పక్షులు, తాబేళ్ళు, ఏది దొరికితే అది. ఆ పళ్ళు ఒక పక్కకి వంగి రంపంలా ఎందుకున్నాయంటే తాబేలు డిప్పని కొయ్యగలిగేది ఆ పళ్ళే. జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వస్తాయి గదా, వాటిని వేటాడే కొద్ది జంతువుల్లో ఇదొకటి అని రాయించండి. ఏది పడితే అది మింగడం కూడా దీని అలవాటే, కడుపు కోస్తే టైర్లు, కార్ల నంబర్ ప్లేట్లు దొరికిన సందర్భాలున్నాయి. 1935లో సిడ్నీలో ఒక అక్వేరియంలో ఉంచిన పులి సొర మనిషి చెయ్యి కక్కింది, విచారిస్తే ఆ చెయ్యిని కత్తితో కోసినట్టు తేలి హత్య కేసు అయింది. పెద్ద క్లాసుల పిల్లలకి మాత్రమే చెప్పండి ఇది. మన బీచ్‌ల్లో ప్రాణాలు తీసేది అలలూ, లోపలికి లాగే ప్రవాహమూ, వాటి గురించే పిల్లల్ని హెచ్చరించాలి.

రెండోది. సొరలన్నీ ఒకటి కాదు. తిమింగల సొర 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు. రంపపు ముట్టె ఉండే సాఫిష్ కూడా రక్షితమే. అవి వలలో పడితే వదిలెయ్యాలి. ఇంకోటి, సొర రెక్కల్ని విదేశాలకి ఎగుమతి చెయ్యడం 2015 నుంచి నిషేధం, ఏ జాతి సొర అయినా సరే. సముద్రం మీదనే రెక్కలు కోసేసుకుని ఒళ్ళు నీళ్ళలో పారేయడం కూడా కుదరదు, సొరని మొత్తంగానే ఒడ్డుకి తేవాలని 2013లో నిబంధన పెట్టారు. ఈ పేర్లు సరిగ్గా తెలియాలని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే మేడమ్. రేవులో దిగినవన్నీ సొర అనే ఒక్క మాట కింద రాసేస్తే ఏ జాతి తగ్గిపోతోందో ఎవరికీ తెలియదు. పులి సొర ఆడది మూడేళ్ళకోసారి పిల్లల్ని పెడుతుందని చెప్తారు, కడుపు మోసేది ఏడాది పైనే. అంత నిదానంగా పెరిగేదానికి లెక్క తప్పితే కోలుకోవడం కష్టం. ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ జాబితాలో ఇప్పటికే అపాయానికి దగ్గరలో ఉన్నదిగా పెట్టారు. ఆ బాబుకి చెప్పండి, వాళ్ళ నాన్న తిమింగల సొర, సాఫిష్ లాంటివి పడితే వదిలేస్తే చాలు, అనుమానం ఉన్నదాన్ని ఫొటో తీసి రేవులో ఫిషరీస్ వాళ్ళని అడిగితే చెప్తారు.

జువ్వలదిన్నె బోటు:

తమ్ముడు చెప్పింది నిజం. ఇప్పుడు రేవులో పెద్ద సొర దిగడమే తక్కువైపోయింది, మా నాయన కాలంలో చూసినంత సైజు నేను చూడలేదు. రేవులో వేలం పాట పాడేవాళ్ళు కూడా సొర అని ఒక మాట అనేసి తూకం వేసుకుపోతారు, ఏ సొరో ఎవరూ రాసుకోరు.

టీచర్ గారూ, చార్టులో తెలుగు పేరు పెద్ద అక్షరాల్లో రాయించండి, మిగతావి కింద. ఒక్కో పక్క ఒక్కో బొమ్మ పెట్టండి, చారలున్న పిల్ల ఒకటి, చారలు వెలిసిన పెద్దది ఒకటి, లేకపోతే పెద్దది ఎదురైనప్పుడు పిల్లలు గుర్తు పట్టరు. పన్ను బొమ్మ కూడా విడిగా పెద్దది వేయించండి. మా ఇంట్లో ఎండిన దవడ ఒకటి ఉంది, ఫెయిర్ ఎప్పుడో చెప్తే ఎవరి చేతైనా పంపిస్తా, పిల్లలు దగ్గర్నుంచి చూసి గీసుకోవచ్చు.

కొత్తపట్నం సైన్స్ టీచర్:

అన్నా, దవడ పంపిస్తే అంతకంటే ఏం కావాలి! ఫెయిర్ వచ్చే నెల మొదటి వారంలో, తేదీ ఖాయం కాగానే మెసేజ్ పెడతాను. చార్టులో ఇట్లా రాయిస్తున్నాం, ఎవరికైనా తప్పు కనిపిస్తే ఈ వారంలోపు చెప్పండి: పులి సొర. ఇంగ్లీషులో టైగర్ షార్క్. గేలియోసెర్డో కువియర్ (పెరోన్, లెస్యూర్, 1822). కుటుంబం గేలియోసెర్డోనిడే, పాత పుస్తకాల్లో కార్కరైనిడే. పక్కనే జీబ్రా షార్క్ పిల్ల బొమ్మ కూడా పెట్టి, తోక దగ్గర బాణం గుర్తు వేయిస్తున్నాను. పాల సొరకి వేరే గడి ఉంది, దానికి రైజోప్రియోనోడాన్ అక్యూటస్ అని రాశాం, పుట్టు సంగతి ఆ అమ్మాయి వాళ్ళ నాయనమ్మే చెప్పి రాయిస్తానంది.